నడిచి వస్తేనే లారీ కదిలేది

పెద్దమ్మ పోయిందన్న సంగతి నాకు మంగళవారం పొద్దున, షాపు షట్టర్ సగం ఎత్తి ఉండగా తెలిసింది. ఎదురింట్లో ఉండే ఆమె కోడలు చెప్పులైనా వేసుకోకుండా రోడ్డు దాటి వచ్చి, "అక్కా, మా అత్తమ్మ లేస్తలేదు" అంది. పోయిందని అనలేదు. లేవడం లేదని మాత్రమే అంది. షట్టర్ అట్లాగే వదిలేసి వెళ్ళాను. పెద్దమ్మ గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. దుప్పటి కాళ్ళ దాకా సరిగ్గా కప్పుకుని ఉంది. డాక్టరు వచ్చి చూసి, గుండె ఆగిందని, నిద్రలోనే పోయిందని చెప్పాడు.

మీకు అబద్ధం చెప్పను. నాకు ముందు ఏడుపు రాలేదు, భయం వేసింది. ఆ వచ్చే ఆదివారం కాక, పై ఆదివారం మా క్లబ్బులో ప్యాకింగ్ ఉంది. ఇక తినేదెవరు అన్న ఒక్క మాటే నా తలలో గిర్రున తిరిగింది. శవం పక్కన కూర్చుని ఇదేం ఆలోచన అని నన్ను నేనే తిట్టుకున్నాను. కానీ ఆ ఆలోచన పోలేదు. ఏడుపు సాయంత్రానికి గానీ రాలేదు.

పెద్దమ్మ నాకు చుట్టమేమీ కాదు. నాచారంలో నేను చీరలకు ఫాల్ కుట్టే షాపు పెట్టుకున్న నాటి నుంచి ఎదురింటి మనిషి. జనగామ దిక్కు నుంచి పెళ్ళయిన కొత్తలో వచ్చి, ఇక్కడి ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్లో వంట మనిషిగా చేరి, అక్కడే రిటైరయింది. మనిషి పొట్టి, గొంతు పెద్దది. ఎవరింట్లో ఏం కూర మాడిందో గల్లీ మొదట్లోనే చెప్పేసేది. నేను మిషన్ మీద వంగి ఉంటే కిటికీలోంచి, "ఇగో, గట్ల వంగితె నీ నడుము గా చీరకే కుట్టుకుంటవ్" అని కేకేసేది.

మా క్లబ్ గురించి కూడా రెండు మాటలు చెప్పాలి. నాచారంలో మాదొక చిన్న సేవా క్లబ్. ముప్పై మందికి మించి లేము. రిటైరైన టీచర్లు, ఫ్యాక్టరీ సూపర్‌వైజర్లు, నాలాంటి చిన్న షాపుల వాళ్ళం. చాలాకాలం పాటు వేసవిలో చలివేంద్రం, వానాకాలంలో కళ్ళ పరీక్షలు, అంతే మా సేవ. తర్వాత, యుద్ధాలు, కరువులు ఉన్న దేశాలకు తిండి పంపే ఒక పెద్ద సంస్థతో కలిసి పని చేయడం మొదలుపెట్టాం. ఏడాదికి రెండుసార్లు హాల్లో బల్లలు వేసి, బియ్యం, సోయా, ఎండబెట్టిన కూరగాయ ముక్కలు, విటమిన్ల పొడి ఒక్కో కవర్లో పోసి సీలు వేస్తాం. ఉప్పల్ నుంచి, పీర్జాదిగూడ నుంచి కూడా జనం వచ్చి చెయ్యి వేస్తారు. అట్టపెట్టెలు లారీ ఎక్కి, రేవుకు పోయి, అక్కడి నుంచి ఓడ మీద పోతాయి. ఒక ప్యాకెట్ ఆరుగురికి ఒక పూట తిండి.

ఆ ప్యాకెట్ వండటం చాలా సులువు. మరుగుతున్న నీళ్ళలో కుమ్మరించడమే. కడగకూడదు. కడిగితే విటమిన్ల పొడి కొట్టుకుపోతుంది. అదీగాక, అది చేరే చోట కడగడానికి నీళ్ళుండవు. కవరు మీద బొమ్మ వేసి మరీ ఆ సంగతి చెబుతారు. ఈ కడగకూడదన్న మాట గుర్తుంచుకోండి. నా బతుకులో అన్నిటికన్నా పెద్ద భయం అందులోనే ఉంది.

మొదటిసారి ప్యాకింగ్ రోజు పెద్దమ్మను నేనే చెయ్యి పట్టుకుని తీసుకుపోయాను. ఆమె కవర్లలో బియ్యం పోయలేదు, సీలు వేయలేదు. చేతులు వెనక్కి పెట్టుకుని బల్లల మధ్య తిరిగి, ప్రెసిడెంట్ సారు దగ్గరికి పోయి అడిగింది.

"సారూ, గివి ఎవరు తిని చూసిన్రు?"

ప్రెసిడెంట్ సారు రిటైరైన హెడ్మాస్టరు. నెమ్మదస్తుడు. "అన్నీ మంచి సరుకులే అమ్మా, చూసే కొన్నాం" అన్నాడు.

"కొన్నప్పుడు జూసిన్రు. కలిపినంక జూసిన్రా?"

పెద్దమ్మ కళ్ళు మూసుకుని, పేర్చిన ప్యాకెట్లలోంచి ఒకటి లాగి కొంగులో పెట్టుకుంది. "రేపు పొద్దుగాల ఏడింటికి వండుకొని తింట. పగటీలి రెండింటికి ఈడికి నడిచొస్త. నేనొస్తె ఎక్కియ్యుండ్రి. రాకుంటె ఎక్కియ్యకుండ్రి" అంది.

కొందరు నవ్వారు. నేనూ నవ్వాను. కానీ మర్నాడు రెండింటికి ఆమె వచ్చేదాకా ఒక్క పెట్టె కూడా లారీ ఎక్కలేదు. అట్లా అది మా క్లబ్ పద్ధతి అయిపోయింది. హాలు గేటు దగ్గర ఆగి, చెప్పులకున్న మట్టి రాలేట్టు రెండు కాళ్ళూ నేలకేసి టపటపా కొట్టేది. ఆ చప్పుడు వినగానే లోపల అందరూ కుర్చీలు జరిపి లేచేవాళ్ళు. ఒకసారి ప్రెసిడెంట్ సారు ఆమె కోసం స్కూటర్ పంపిస్తే వెనక్కి పంపేసింది. "బండి మీద వస్తె నా కాళ్ళల్ల సత్తువున్నదో లేదో మీకెట్ల దెలుస్తది?" అని సారునే ఎదురు అడిగింది.

ఆరుగురి తిండిలో ఒక వంతే తినేది. మిగతాది స్టీలు డబ్బాలో పెట్టి మరుసటి రోజు దాకా ఫ్రిజ్‌లో ఉంచేది. ఇంట్లో వాళ్ళను ముట్టనిచ్చేది కాదు. క్యాంటీన్లో అట్లాగే అలవాటట. కార్మికులకు వడ్డించే గంట ముందు వంట మనిషి తినాలి, కొంచెం తీసి దాచాలి.

ఈ పట్టుదల ఎక్కడిదో ఒక మధ్యాహ్నం నా షాపులో కూర్చుని చెప్పింది. క్యాంటీన్లో ఒక శనివారం ఆమెకు ఒక్కపొద్దు. ఉపవాసం కాబట్టి పప్పు రుచి చూడలేదు. వాసన బాగానే ఉందని వడ్డించేసింది. సాయంత్రం షిఫ్టు దిగే వేళకు మనుషులు కడుపులు పట్టుకుని గేటు దగ్గర కూలబడ్డారు. ఎవరికీ ప్రాణం మీదికి రాలేదు. కానీ పెద్దమ్మ ఆ తర్వాత ఒక్కపొద్దులన్నీ మానేసింది. శనివారం లేదు, శివరాత్రి లేదు. గల్లీలో ఆడవాళ్ళు ఈ ముసలామెకు భక్తి లేదని చెవులు కొరుక్కునేవాళ్ళు. ఆమె పట్టించుకునేది కాదు.

"దేవునికి నా ఉపాసంతోని ఏం పని? గా మనుషులు కూలవడ్డది నా కండ్లల్లకెల్లి పోదు" అంది. చీర అంచు సర్దుకుంటూ, "ఆకలున్నోడు వాసన జూడడు, రంగు జూడడు. మనమే జూడాలె" అంది. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె గొంతు చిన్నదైపోయింది. నేను ఆ గొంతు అంతకుముందు వినలేదు.

ఇప్పుడు నా తప్పు చెబుతాను.

ఒక ఏడాది వానాకాలంలో ప్యాకింగ్‌కు మూడు వారాల ముందే బియ్యం బస్తాలు వచ్చాయి. హాల్లో చోటు లేదు. నా షాపు వెనక గది ఖాళీగా ఉంది కదా అని నేనే పెట్టించాను. గోడలు చెమ్మగా ఉన్నాయి. ముసురు పట్టింది. బియ్యానికి పురుగు పడితే నా పరువేం కాను అని నాకు నిద్ర పట్టలేదు. మా అమ్మ ఏం చేసేదో నేనూ అదే చేశాను. మెడికల్ షాపులో బోరిక్ పౌడర్ డబ్బాలు కొని, బస్తాలు విప్పి, బస్తాకింత చొప్పున కలిపి, మళ్ళీ మూతి కుట్టేశాను. కుట్టడం నాకు వచ్చిన పనే. ఎవరికీ చెప్పలేదు. దాచిపెట్టాలని కాదు. ఇల్లు ఊడ్చానని ఎవరికైనా చెబుతామా? ఇంట్లో అందరం కలిపేదే, వండే ముందు మూడు నీళ్ళు కడిగి పారబోసేదే.

ప్యాకింగ్ రోజు బియ్యానికి తెల్లగా పొడి అంటి ఉంటే అందరూ పిండి అనుకున్నారు. దాని మీద విటమిన్ల పొడి పడ్డాక ఏది ఏదో తెలియలేదు. నేను కూడా తలకు టోపీ పెట్టుకుని, నవ్వుకుంటూ సీలు వేశాను.

సోమవారం రెండయింది. పెద్దమ్మ రాలేదు. రెండుంబావు అయింది. లారీ డ్రైవరు వాచీ చూసుకుంటూ, "సార్, జల్ది ఎక్కియ్యుండ్రి. ఉప్పల్ల బ్రిడ్జి పిల్లర్ల కాడ జామ్ అయితె ఇగ పొద్దుమీకేదాంక ఆడనే" అన్నాడు. అప్పటికే తొందరకొద్దీ కొన్ని పెట్టెలు లారీలోకి చేరాయి. ప్రెసిడెంట్ సారు ఫోన్ చేశాడు. పెద్దమ్మ ఎత్తలేదు. "వానకు ఆగిందేమో" అన్నాడు. ఆయన ముఖం చూస్తే ఆ మాట ఆయనే నమ్మడం లేదు. నేను చూసి వస్తానని బయల్దేరాను.

తలుపు దగ్గరికి వేసి ఉంది. లోపల పెద్దమ్మ బాత్రూం గడప పక్కన గోడకు ఆనుకుని కూర్చుంది. ముఖం పాలిపోయింది. పెదవులు ఎండిపోయాయి. కోడలు ఆ రోజు డ్యూటీకి పోయింది. "పదింటికెల్లి ఒక్కతీరుగ కక్కుడే బిడ్డా" అంది. అంత పెద్ద గొంతు మనిషి, వినడానికి నేను వంగాల్సి వచ్చింది.

పెద్దమ్మకు ఒంట్లో బాగాలేదని సారుకు ఫోన్లో ఒక్క ముక్క చెప్పి, ఆటోలో వేసుకుని హబ్సిగూడ వైపున్న ఒక దవాఖానాకు తీసుకుపోయాను. సెలైన్ పెట్టాక డాక్టరు ఏం తిన్నారని అడిగాడు. ప్యాకెట్ సంగతి చెప్పాను.

"బియ్యం బాగా కడిగి వండారా?" అన్నాడు.

పెద్దమ్మ కళ్ళు తెరవకుండానే జవాబిచ్చింది. "కడుగొద్దని దాని మీదనే ఉన్నది గద సారూ."

వెనక గది, విప్పిన బస్తాలు, నా చేతికి అంటిన తెల్లటి పొడి, అన్నీ కళ్ళ ముందుకొచ్చాయి. మూడు నీళ్ళు కడిగి పారబోయాల్సింది పెద్దమ్మ కడుపులోకి పోయింది. ఇంకా ఎన్నో పెట్టెలున్నాయి. పేరు పలకడం కూడా రాని ఒక దేశంలో, రోజుల తరబడి కడుపులో ఏమీ పడని పిల్లలు వాటిని కడగకుండానే మరిగే నీళ్ళలో కుమ్మరించుకుని తింటారు. పెద్దమ్మకు సెలైన్ ఉంది, ఆటో ఉంది, నేనున్నాను. వాళ్ళకేముంది?

అయినా నేను నోరు తెరవలేదు. ఇది రాస్తుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంది. డాక్టరు పక్క మంచం దగ్గరికి పోయాడు. నా ఫోన్ మోగింది. ప్రెసిడెంట్ సారు. "ఏమైందమ్మా? వానాకాలం జ్వరమేనా? డ్రైవరు వెళ్ళిపోతానంటున్నాడు. ఎక్కించమంటారా?"

"అడిగి చెప్త సార్" అని పెట్టేశాను. అడగడానికేముంది? సెలైన్ చుక్కలు పడుతుంటే చూస్తూ నిలబడ్డాను. అందరూ ఏమంటారు? క్లబ్‌లోంచి తీసేస్తారా? పోలీసులు వస్తారా? షాపు ముందు జనం నిలబడతారా? ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. ఫోన్ మళ్ళీ మోగింది. ఆ మోతకు పెద్దమ్మ కళ్ళు తెరిచి నా ముఖం చూసింది.

"ఏంది?" అంది.

"పెద్దమ్మా, బియ్యంల నేను బోరిక్ పౌడర్ కలిపిన. పురుగు వడ్తదని."

ఆమె తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"ఎన్ని బస్తాలల్ల?"

"అన్నిట్ల."

"గా ఫోన్ ఎత్తు. ఎక్కిచ్చినయి గూడ దింపుమను. డాక్టర్ సారుకు గూడ చెప్పు, పో" అంది. సూది లేని చేత్తో నన్ను తోసింది. ఆ తోపులో బలం లేదు. కానీ నేను కదిలాను. డాక్టరుకు ఉన్నదంతా చెప్పాను, ప్రెసిడెంట్ సారుకు మాత్రం సరుకులో తేడా ఉంది, అన్నీ దింపేయండని అన్నాను. లారీ ఖాళీగా వెనక్కి పోయింది. ఆ ప్యాకెట్లు అన్నీ విప్పి పారేశాం. పెద్దమ్మ రెండు రోజులకు ఇంటికొచ్చింది.

క్లబ్‌లో అప్పటికి ఇంకా నా పేరు బయటికి రాలేదు. సరుకులో తేడా ఉందని మాత్రమే తెలుసు. పెద్దమ్మే నా తరఫున చెప్పేస్తే బాగుండునని ఆమె మంచం పక్కన చేరి నసిగాను. ఒప్పుకోలేదు. "నేను చెప్తె చాడీ అయితది. నువ్వు చెప్తె జాగర్త అయితది. నువ్వే చెప్పు" అంది.

ఆదివారం మీటింగులో లేచి నిలబడ్డాను. బల్ల అంచు గట్టిగా పట్టుకుని చెప్పాను. తర్వాత వెనక వరసలోంచి ఒకామె, "మా ఇంట్ల గూడ కలుపుతం గద" అంది. ఇంకొకామె, "నీ జాగల నేనున్నా గదే కలుపుతుంటి" అంది. చూస్తే హాల్లో సగం మందికి అదే అలవాటు. బస్తాలు ఎవరింట్లో పెట్టినా అదే జరిగేదన్నమాట. అది వింటే నాకు ఊరట కలగాలి. నాకు ఇంకా భయం వేసింది. మేమంతా మంచివాళ్ళమే. మంచి మనసుతోనే అంతా కలిసి ఆ పని చేసేవాళ్ళం.

ఆ రోజు నుంచి బస్తాల మీద, ఏమీ కలపలేదని దాచినవాళ్ళు సంతకం పెట్టే పద్ధతి వచ్చింది. ల్యాబ్ పరీక్ష కూడా మొదలైంది. పెద్దమ్మ మాత్రం తినడం ఆపలేదు. "నీకు భయం అయితలేదా, మల్ల తింటున్నవ్?" అని అడిగాను. "ఎందుకు గాదు? ముద్ద నోట్ల వెట్టుకునేటప్పుడు చెయ్యి వణుకుతది. భయం వోయిన నాడు నన్ను పిలువకుండ్రి" అంది. అంతవరకు నేను ఆమెను మొండి మనిషి అనుకున్నాను. ఆమె నాకంటే పెద్ద భయస్తురాలని ఆ రోజే తెలిసింది. ఆమె భయం వేళకు నడిచి వచ్చేది. నాది దుప్పటి ముసుగేసుకునేది.

ఆమె పోయిన రోజు డాక్టరును అడిగాను, ఎప్పుడో తిన్న ఆ ప్యాకెట్ వల్ల గుండెకు ఏమైనా అయి ఉంటుందా అని. కాదన్నాడు. శ్మశానం నుంచి మగవాళ్ళు తిరిగొచ్చాక, ఫోన్ చేసి మళ్ళీ అడిగాను. విసుక్కోకుండా మళ్ళీ కాదన్నాడు. మూడోసారి అడగడానికి మొహం చెల్లలేదు.

పై వారం శుక్రవారం, పదకొండో రోజున దినాలయ్యాయి. ఆదివారం ప్యాకింగ్. ఆమె కూర్చునే కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. సాయంత్రం ప్రెసిడెంట్ సారు గొంతు సవరించుకుని, "ల్యాబ్ రిపోర్ట్ బాగుంది. ఇక ఎవరూ తిని చూడాల్సిన పనిలేదు. ఆ పద్ధతి ఆమెతోనే" అని ఆపేశాడు. అందరూ తలలు దించుకున్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. హమ్మయ్య, నేను తినక్కరలేదు. మరుక్షణంలోనే ల్యాబ్ వాళ్ళకు ఇచ్చింది వారం కిందటి బియ్యమని గుర్తొచ్చింది. కొన్నప్పుడు చూశారు. కలిపాక చూశారా?

నేను కళ్ళు మూసుకుని ఒక ప్యాకెట్ లాగాను. దాన్ని కొంగులో పెట్టుకున్నాను. అందరూ చూశారు.

సోమవారం పొద్దున నీళ్ళు మరిగాక కుమ్మరించాను. కడగలేదు. ఇన్నేళ్ళ వంటలో కడగని బియ్యం పొయ్యి మీద పెట్టడం నాకు అదే మొదలు. ఏడింటికి తిన్నాను. మొదటి ముద్ద నీళ్ళతో మింగాను. మిగతాది స్టీలు డబ్బాలో పెట్టాను. ఆ డబ్బా పెద్దమ్మ కోడలు తెచ్చి ఇచ్చిందే. తర్వాత షాపు తీసి మిషన్ ముందు కూర్చున్నానే గానీ, ఒక్క చీర ముట్టలేదు. పదింటికి కడుపులో ఏదో కదిలినట్టయింది. ఆకలేమో, భయమేమో, ఇంకేమిటో తెలియలేదు. పన్నెండింటికి చెమటలు పట్టాయి. ఎదురింటి కిటికీ వైపు చూశాను. కేకేసే మనిషి లేదు.

ఒకటిన్నరకు మా ఆయన బండి తీసి, "ముఖం గట్లున్నదేంది? ఎక్కు, దింపుత" అన్నాడు. వద్దన్నాను. నడిచాను. అడుగడుగునా కడుపు మీద చెయ్యి వేసి చూసుకుంటూ, ఏమీ లేదు, ఏమీ లేదు అనుకుంటూ నడిచాను.

గేటు బయట లారీ ఆగి ఉంది, ఒక్క పెట్టె కూడా ఎక్కించలేదు. నేను గేటు దగ్గర ఆగాను. వాన లేదు, చెప్పులకు మట్టి కూడా లేదు. అయినా రెండు కాళ్ళూ నేలకేసి టపటపా కొట్టాను.

లోపల కుర్చీలు జరిగిన చప్పుడైంది.